లండన్ స్టేజీ ఎక్కాలనుకుంటున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మలూకి, ఆశీస్సులు.

బ్రిటిష్ నటుడు ఇయన్ మెక్‌కెల్లెన్‌లాగా నాటకాల మీదే బతకాలని ఉందనీ, లండన్ డ్రామా స్కూళ్లకు దరఖాస్తు పెడుతున్నాననీ రాశావు. సంతోషం. ఆయన జీవితం చదివేటప్పుడు సినిమాల సంగతి పక్కన పెట్టి 1961 నుంచి 1969 దాకా చూడు. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యం చదివాడు, డ్రామా స్కూలు గడప తొక్కలేదు. 1961లో కవెంట్రీ ఊళ్లో బెల్‌గ్రేడ్ థియేటర్‌లో చేరాడు. తర్వాత ఇప్స్‌విచ్, నాటింగ్‌హామ్. ఆ రెపర్టరీ కంపెనీల్లో రాత్రి ఒక నాటకం ఆడుతూ పగలు మరోటి రిహార్సల్ చేయాలి, కొద్ది వారాలకో కొత్త వేషం. లండన్‌లో పెద్ద థియేటర్లుండే వెస్ట్ ఎండ్‌కు 1964లో వచ్చాడు. దేశమంతా పేరు మోగింది 1969 ఎడిన్‌బరో ఉత్సవంలో, రెండో రిచర్డ్, రెండో ఎడ్వర్డ్ అనే రాజుల పాత్రలతో. ఆ రెపర్టరీ మెట్టు ఇవాళ దాదాపు విరిగిపోయింది. అందుకే ఇప్పటి పిల్లలకు మూడేళ్ల స్కూలు, ఆ తర్వాత ఫ్రింజ్ అనే చిన్న, తక్కువ ఖర్చు నాటకాల హాళ్లు, ఊరూరా తిరిగే కంపెనీలు, అసలు నటుడు రాలేనప్పుడు ఆ వేషం వేసే అండర్‌స్టడీ పని దిక్కవుతున్నాయి.

ముందు ఆడిషన్ సంగతి. చాలా స్కూళ్లు నాటకాల్లోంచి రెండు స్పీచ్‌లు అడుగుతాయి: ఒకటి షేక్స్‌పియర్ కాలానిది, ఒకటి ఆధునికం. ఒక్కోటి రెండు నిమిషాల్లో ముగిసేలా కత్తిరించుకో. షేక్స్‌పియర్‌లో అయితే 20 నుంచి 25 పాదాలు చాలు. గడువు దాటితే మధ్యలో ఆపేస్తారు, అసలు మలుపు చివర్లో ఉంటే వాళ్లు దాన్ని చూడనే చూడరు. నీ వయసుకు దగ్గరి పాత్ర తీసుకో. రెండు స్పీచ్‌లూ ఏడుపువే కాకుండా చూసుకో.

మనవాళ్లు దెబ్బతినేది ఏకపాత్రాభినయం అలవాటు వల్ల. అందులో జనం వైపు తిరిగి గొంతెత్తుతాం, చప్పట్ల కోసం ఆగుతాం. ఇక్కడ చూసేది నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావు, ఆ మనిషి దగ్గర నుంచి ఏం కావాలనుకుంటున్నావు అని. ఎదుటి గోడ మీద ఒక చోట ఆ మనిషిని నిలబెట్టుకో. ప్రతి వాక్యం ముందు ‘అతను ఇప్పుడేమన్నాడు?’ అని ప్రశ్నించుకో. పద్యంలా రాగం తీయాలనిపిస్తే స్పీచ్ మొత్తం ఒకసారి తెలుగులో సొంత మాటల్లో చెప్పేసి, వెంటనే ఇంగ్లీషులో చెప్పు. రాగం దానంతటదే పోతుంది.

ఉచ్చారణలో రెండు చోట్ల కష్టపడాలి. మన ట, డలకు నాలుక వెనక్కి మడుస్తాం. ఇంగ్లీషు వాటికి నాలుక కొన పై పళ్ల వెనక చిగుళ్ల గట్టుకు తగలాలి. రెండోది ఊనిక. తెలుగులో ఏ అక్షరం ఒత్తి పలికినా మాట మారదు, ఇంగ్లీషులో ఊనిక తప్పితే మాటే అర్థం కాదు. షేక్స్‌పియర్ పాదంలో సాధారణంగా పది అక్షరాలు, ఐదు ఊనికలు. వారం రోజులు తొడ మీద చేత్తో ఆ ఐదూ తట్టుకుంటూ చదువు, తర్వాత తట్టడం మానెయ్. పాదం చివరి మాట మింగొద్దు. ఆలోచన చాలాసార్లు అక్కడే ఉంటుంది, బాల్కనీకి వినపడకుండా పోయేదీ అదే. అంతేగాని నీ యాస దాచుకోవాలని చూడకు. ఈ రోజుల్లో దొంగ యాస కంటే సొంత యాసనే మెచ్చుకుంటున్నారు.

మొదటి వడపోత వీడియో మీదైతే ఫోన్ అడ్డంగా, కంటి ఎత్తులో పెట్టు. వెలుతురు ముందు నుంచి రావాలి, వెనక ఖాళీ గోడ ఉండాలి. చూపు లెన్స్ పక్కన.

ఇక ఉద్యోగంలో చేరాక. పెద్ద నాటకాలకు వారానికి ఎనిమిది ఆటలు మామూలు. తెర లేవడానికి 35 నిమిషాల ముందు ‘హాఫ్’ పిలుపు వస్తుంది. పేరు అరగంటదే, నిజానికి ఐదు నిమిషాలు ఎక్కువ. తర్వాత తెరకు 20 నిమిషాల ముందు ‘క్వార్టర్’, 10 నిమిషాల ముందు ‘ఫైవ్’, 5 నిమిషాల ముందు ‘బిగినర్స్’, అంటే మొదట ప్రవేశించేవాళ్లు స్టేజీ పక్కనుండే వింగ్‌లో నిలబడాలి. హాఫ్‌కు నువ్వు లోపల లేకపోతే స్టేజ్ మేనేజర్ నీ అండర్‌స్టడీని సిద్ధం చేస్తుంది. బస్సు ఆలస్యమైందంటే వినేవాళ్లుండరు.

అండర్‌స్టడీ పనిని చిన్నచూపు చూడకు. 2024 జూన్‌లో మెక్‌కెల్లెన్ 85 ఏళ్ల వయసులో షేక్స్‌పియర్ పాత్ర ఫాల్‌స్టాఫ్ వేషం వేస్తూ స్టేజీ మీంచి పడిపోయాడు. మిగతా ఆటలు నడిపింది అండర్‌స్టడీనే. ఆ పనికి డైలాగులు వస్తే సరిపోదు, అసలు నటుడు ఎక్కడ నిలబడతాడో అడుగులతో సహా రాసుకోవాలి. కొత్తవాళ్లు ‘నా పద్ధతిలో చేస్తా’ అని రెండడుగులు పక్కకు జరుగుతారు. లైటు పాత చోటే పడుతుంది, మొహం చీకట్లో ఉండిపోతుంది, ఎదుటి నటుడు తన డైలాగు ఎవరికి చెప్పాలో తెలియక తడబడతాడు.

డబ్బు విషయం. ఏజెంట్లు నీకొచ్చిన దాంట్లో 10 నుంచి 15 శాతం దాకా తీసుకుంటారు. ముందే ఫీజు అడిగినవాడికి దండం పెట్టి వచ్చెయ్. యాక్టర్ల సంఘం ఈక్విటీలో చేరు, కాస్టింగ్ వాళ్లు వెతికే స్పాట్‌లైట్‌లో పేరు పెట్టించు. ఈక్విటీలో ఇప్పటికే ఉన్న పేరును మరొకరికి ఇవ్వరు. ఇంటిపేరు కత్తిరించడం మాత్రం అవసరమైతేనే. కృష్ణ భాంజీ అనే నటుడు పేరు మార్చుకుని బెన్ కింగ్స్‌లీ అయిన రోజులు వేరు. తర్వాత బ్రిటన్‌లోని మనవాళ్ల నాటక కంపెనీలు, 1977లో తారా ఆర్ట్స్, 1989లో తమాషా, పుట్టి మన పేర్లు పోస్టర్ల మీదకొచ్చాయి.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైనది. స్టూడెంట్ వీసా మీద ఎంటర్‌టైనర్‌గా పని చేయకూడదు, స్వయం ఉపాధి అసలే కుదరదు. ఆ వీసా మీద వారానికి 20 గంటలు పని చేసుకునే వెసులుబాటు కేఫ్‌లో పనికి పనికొస్తుంది, వేషానికి కాదు. జీతం లేని ఫ్రింజ్ నాటకానికి పిలిచినా, ఒప్పుకునే ముందు స్కూలు వీసా ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకో.

ఆదివారంలోగా రెండు స్పీచ్‌లూ ఏవో తేల్చి, రికార్డు చేసి పంపు. గడియారం చూసుకునే వింటాను.

మీ పెదనాన్న