రిసగ్ ఇంజెక్షన్ కోసం ఆగొచ్చా?

మీరు అడిగినవి రెండు. పిల్లలు పుట్టకుండా మగవాళ్లకిచ్చే రిసగ్ ఇంజెక్షన్ ఇప్పుడు దొరుకుతుందా? నాలుగేళ్ల తర్వాత రెండో బిడ్డ కావాలనుకుంటే దాని ప్రభావం తీసేయించుకోవచ్చా? ఇవాళ్టికైతే రెండింటికీ అవునని చెప్పలేం. ఇదే ఇంజెక్షన్ కోసం నేను దాదాపు రెండేళ్లు చూశాను, అందుకే రాస్తున్నాను.

మాకు ఇద్దరు పిల్లలు. మా ఆవిడకు మాత్రలు పడలేదు. కాపర్-టి వేయిస్తే బ్లీడింగ్ ఎక్కువై తీయించేశాం. అప్పుడే పేపర్లో రిసగ్ గురించి చదివి, "కొన్నాళ్లు ఆగు, ఆ ఇంజెక్షన్ నేను చేయించుకుంటా" అన్నాను. ఆ కొన్నాళ్లలో కండోమ్ ఒకరోజు వాడితే ఒకరోజు లేదు. తేదీ దాటితే చాలు ఇంట్లో టెన్షన్. చివరికి నిజంగానే నెల తప్పింది. అబార్షన్ తర్వాత ఆమె కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఎదురుచూసింది నేను, బాధపడింది ఆమె. ఇది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

రిసగ్ మంచి ఆలోచనే, అందులో సందేహం లేదు. ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ సుజయ్ గుహా 1970లలో మొదలుపెట్టిన పని ఇది. చాలామంది అనుకున్నట్టు చేతికి వేసే సూది కాదు. మత్తిచ్చి, వీర్యకణాలు వెళ్లే నాళాన్ని రెండు వైపులా బయటికి తీసి, అందులోకి పాలిమర్ అనే జెల్ లాంటి పదార్థం ఎక్కిస్తారు. అది నాళం గోడకు పట్టుకుని, దాటివెళ్లే కణాలను పనికిరాకుండా చేస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 303 మంది పెళ్లైన మగవాళ్ల మీద చేసిన మూడో దశ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి: గర్భం రాకుండా ఆపడంలో 99 శాతం. నాకు ఆశ పుట్టించింది ఆ అంకే. కానీ మీకు కావాల్సింది మళ్లీ పిల్లలు పుట్టడం కదా! పాలిమర్‌ను కడిగేసి మామూలు స్థితికి తేవడం జంతువుల్లో చేసి చూపించారు. మనుషుల్లో అది ఇంకా రుజువు కావాలి.

మగవాళ్లు భుజాలకు రోజూ రాసుకునే హార్మోన్ జెల్, హార్మోన్లు లేని వైసీటీ-529 అనే మాత్ర కూడా విదేశాల్లో ట్రయల్స్‌లో ఉన్నాయి. అవీ మందుల షాపుకు వచ్చినవి కావు.

ఈలోగా భారమంతా ఆడవాళ్ల మీదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ దేశం మొత్తం మీద 0.3 శాతం.

మాకు ఇక పిల్లలు వద్దు కాబట్టి నేను కోత లేని వేసెక్టమీ, అంటే మగవాళ్ల పిల్లల ఆపరేషన్, చేయించుకున్నాను. అదే రోజు ఇంటికొచ్చాను. మూడు నెలలు కండోమ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే మానేశాం.

మీరు మాత్రం ఇప్పుడే వేసెక్టమీకి వెళ్లకండి. మళ్లీ కలిపే ఆపరేషన్ ఉన్నా పిల్లలు పుడతారన్న గ్యారంటీ లేదు. కండోమ్ ప్రతిసారీ వాడండి, ఒక్కసారి కూడా వదలొద్దు. మీ ఆవిడ కూడా ఏదైనా వాడాలనుకుంటే, డాక్టర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.