అత్తగారు నేను వండింది ముందు నన్నే తినమంటున్నారు

ప్రశ్న: మాది గుంటూరు. రెండు నెలల క్రితం నేనే టీవీలో కేరళ కూడత్తాయి సైనైడ్ కేసు డాక్యుమెంటరీ పెట్టాను (ఇంటి కోడలే అత్తింటివాళ్లకి విషం పెట్టి చంపిందన్న కేసు), మా అత్తగారూ కూర్చుని చూశారు. అప్పటి నుంచి ఏం వండినా ముందు నన్నొక ముద్ద తినమంటున్నారు. మొదట్లో నవ్వుకున్నాం. మొన్న చుట్టాల ముందు కూడా అనేశారు. మావారేమో "పెద్దావిడ, వదిలెయ్" అంటారు. పెళ్ళయి పదహారేళ్లు, నేను హంతకురాలిలా కనిపిస్తున్నానా?

జవాబు: మీకు కోపం రావడంలో తప్పేం లేదమ్మా. పదహారేళ్లు మీ చేతి వంట తిన్న మనిషి నలుగురిలో ఆ మాట అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కాకపోతే ఆవిడ భయమంతా టీవీలో చూసిన ఆ కోడలి గురించి, ఆ కోడలేమో చూడ్డానికి మీలాగే, మనందరిలాగే మామూలుగా ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది.

నేనూ చూశాను దాన్ని. కోళికోడ్ జిల్లాలో 2002 నుంచి 2016 దాకా ఒకే కుటుంబంలో, దగ్గరి చుట్టాల్లో కలిపి ఆరుగురు పోయారు. మొదట పోయింది అత్తగారు, మటన్ సూప్ తాగాక పడిపోయిందని పోలీసులు చెప్పేది. 2019లో కోడల్ని అరెస్టు చేశారు. ఇలాంటివాటిలో ముగింపు ముందే తెలుసు కాబట్టి కథ వెనక్కి చెబుతారు, అప్పుడు ఆ మనిషి చర్చికి వెళ్లినా, పెళ్ళి ఫొటోలో నవ్వినా, గరిటె పట్టుకున్నా అనుమానంగానే కనిపిస్తుంది. ఆ మ్యూజిక్ తెచ్చి మీ ఇంటి పెళ్ళి వీడియోకి పెట్టి చూడండి, మీ ఆడపడుచు కూడా అలాగే కనిపిస్తుంది! పైగా 2023 డిసెంబరులో ఆ డాక్యుమెంటరీ విడుదలయ్యేనాటికి కోర్టులో విచారణ ఇంకా నడుస్తోంది. మన హాల్లో మాత్రం గంటన్నరలో తీర్పు వచ్చేసింది.

నన్నడిగితే ఆ కేసులో అసలు వణుకు పుట్టించేది 2011 నాటి పోస్టుమార్టం. ఆ కోడలి భర్త ఒంట్లో సైనైడ్ ఉందని అప్పుడే తేలింది, ఆత్మహత్య అనుకుని వదిలేశారు. అమెరికాలో ఉండే అతని తమ్ముడు ఎనిమిదేళ్ల తర్వాత ఫిర్యాదు పెడితే గానీ కదలిక లేదు. సమాధులు తవ్వించిన పోలీసులు మనకి హీరోల్లా గుర్తుంటారు, ఆ ఎనిమిదేళ్ల సంగతి ఎవరికీ పట్టదు. చనిపోయినవాళ్లలో ఒక పసిపాప కూడా ఉంది. ఆ పాప గురించి మీకేమైనా గుర్తుందా? నాకూ లేదు. కోడలి ముఖం మాత్రం ఇద్దరికీ గుర్తుంది.

అత్తగారికి నోయిడా కేసు చెప్పండి, వాదనలా కాదు, కూరగాయలు తరుగుతూ కబుర్లలో. 2008 మేలో ఆరుషి అనే అమ్మాయి శవం వాళ్లింట్లోనే దొరికిన రోజు అనుమానమంతా ఇంట్లో పనిచేసే హేమరాజ్ మీదే, మర్నాడు చూస్తే అతని శవం అదే ఇంటి డాబా మీద ఉంది. ఆరుషి తల్లిదండ్రులకి 2013లో శిక్ష పడింది, 2017లో హైకోర్టు వాళ్లని నిర్దోషులని వదిలేసింది. పక్కా అనుకున్నది ఎన్నిసార్లు తిరగబడిందో ఆవిడే లెక్కపెట్టుకుంటారు.

మీవారి "వదిలెయ్" మాత్రం నాకు నచ్చలేదు. ఈ మాట తల్లికి ఆయనే చెప్పాలి, మీరు చెబితే సంజాయిషీలా ఉంటుంది. "అమ్మా, చుట్టాల ముందు అలా అనకు, తను బాధపడుతోంది" అంటే చాలు, అంతకుమించి లెక్చర్ వద్దు. మీరు కూడా పరీక్ష రాస్తున్నట్టు ముందుగా ముద్ద తిని చూపించడం మానేసి, ఆవిడ పక్కనే కూర్చుని ఒకే గిన్నెలోంచి ఇద్దరికీ వడ్డించుకోండి. భోజనాల వేళ క్రైమ్ డాక్యుమెంటరీలు కట్టేయండి. మీకు కావాలంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కరే చూసుకోండి.

ఇంకొకటి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. డబ్బో నగలో ఎవరో తీస్తున్నారనడం, పేర్లు మర్చిపోవడం, రాత్రిళ్లు నిద్రపోకుండా తలుపులు చూసుకోవడం లాంటివి కూడా ఉంటే దీనికి కారణం టీవీ కాకపోవచ్చు. పెద్ద వయసులో మతిమరుపు జబ్బు కొందరిలో ఇలా అనుమానాలతోనే బయటపడుతుంది. అప్పుడు సైకియాట్రిస్టుకి చూపించండి, ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

అవేం లేవంటే, రేపు పప్పు మీరు ఉడికించి తాలింపు ఆవిడ చేత పెట్టించండి. ఇంగువ ఎక్కువైనా ఏమీ అనకండి.