పాఠకుల ప్రశ్నలు: దుకాణం కంప్యూటర్‌లో బ్రౌజర్

ప్రశ్న: జిరాక్స్ దుకాణం కోసం పాత కంప్యూటర్ కొన్న. విండోస్ 10 ఉంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అని వెతికి మొదటి లింకు నొక్కితే ఏవేవో ప్రోగ్రాములు ఎక్కినయ్. ఇప్పుడు రోజూ పొద్దున ఏ సైటు తెరిచినా 'కనెక్షన్ సురక్షితం కాదు' అని వస్తది. ఏం చేయాలె?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వెతికితే పైన వచ్చే లింకు చాలాసార్లు ప్రకటనే. 'స్పాన్సర్డ్' అని చిన్నగా రాసి ఉంటుంది. ముందు సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, ఇన్‌స్టాల్ తేదీ వరుసలో పెట్టుకుని, ఆ రోజు ఎక్కినవన్నీ తీసేయండి. తర్వాత వెతకకుండా అడ్రస్ బార్‌లోనే ఇంగ్లిష్ అక్షరాల్లో ఫైర్‌ఫాక్స్ డాట్ కామ్ అని కొట్టండి. అక్కడ మామూలుగా దిగేది చిన్న ఫైలే. అసలు ప్రోగ్రాం దాన్ని నడిపినప్పుడు నెట్ నుంచి వస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మధ్యలో తెగితే పని ఆగిపోతుంది. అట్లాంటి చోట భాష, విండోస్ రకం (64-బిట్ లాంటిది) ఎంచుకునే పేజీ నుంచి పూర్తి ఫైలు తీసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటే మళ్లీ పనికొస్తుంది.

పొద్దున వచ్చే హెచ్చరిక బ్రౌజర్ తప్పు కాకపోవచ్చు. కింద కుడి మూలన తేదీ చూడండి. ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు (డబ్బా లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) మీది బ్యాటరీ అయిపోయినట్టే. రాత్రి స్విచ్ బంద్ చేయగానే గడియారం ఆగుతుంది. సైటు అసలుదేనని బ్రౌజర్‌కు చూపే సర్టిఫికెట్‌కు మొదలు, గడువు తేదీలు ఉంటాయి; మీ తేదీ వాటి మధ్య లేకపోతే బ్రౌజర్ నమ్మదు. 'రిస్క్ తీసుకుని ముందుకు పో' అనే బటన్ మాత్రం నొక్కకండి. ప్లగ్ పీకి, డబ్బా విప్పి, రూపాయి బిళ్లలా ఉండే ఆ బ్యాటరీ మార్చండి. ఎక్కువగా సీఆర్2032, 3 వోల్టులది ఉంటుంది. ప్లస్ గుర్తు పైకి రావాలి. ఆపై టైమ్ ఆటోమేటిక్‌గా, టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా ఉన్న వరుసకు పెట్టండి.

దుకాణం కాబట్టి పాస్‌వర్డ్ దాచాలా అని అడిగే సెట్టింగ్ ఆపేయండి. గిరాకీ లాగిన్ అయ్యే పనికి కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి ప్రైవేట్ విండో తెరవండి. పని కాగానే దాన్ని మూసేస్తే ఆ లాగిన్, చూసిన సైట్ల జాబితా బ్రౌజర్‌లో మిగలవు. అయినా డౌన్‌లోడ్ చేసిన ఆధార్, పాస్‌బుక్ ఫైళ్లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మిగిలిపోతాయి. ప్రింటు తీయగానే చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. అవి మిమ్మల్ని నమ్మి ఇచ్చిన కాగితాలు.

ప్రశ్న: ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు వత్తులు ఒకదాన్నొకటి అంటుకుని కనిపిస్తున్నయ్.
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కి, పై జాబితాలో తెలుగు ఎంచుకోండి. మినిమమ్ సైజు 16 పెట్టండి. లాటిన్ (ఇంగ్లిష్ అక్షరాల) వరుసలో మారిస్తే తెలుగుకు వర్తించదు.