రోహిణి ఎండల్లో మంచు మేఘాలా?

సందేహం: మాస్టారూ, నేను అమలాపురం దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతాను. 'బాగా ఎత్తున ఉండేవి మంచు మేఘాలు' అన్నానో లేదో, ఓ పిల్లాడు 'సంక్రాంతికి మా చేలో దిగినవి అవేనా టీచర్?' అన్నాడు. 'హిమ మేఘం' అంటే సరిపోతుందా? అయినా రోళ్ళు పగిలే ఎండల్లో మన నెత్తిమీద మంచుందనడం తప్పు కాదా?

సమాధానం: ముందు ఆ పిల్లాడికి ఓ మార్కు వెయ్యండమ్మా. ధనుర్మాసంలో వరికుప్పను తడిపేదీ మంచే, గోదావరి గట్టు మీద ఎదురొచ్చే బస్సును కనబడనివ్వనిదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. మొదటి రెండూ ఉత్త నీటి బొట్లు. మూడోది మన డెల్టాలో పడదు కాబట్టి ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. గడ్డకట్టిన నీటితో పనిపడ్డాక భీమవరం రొయ్యల పెట్టెల్లో పోసేదాన్ని ఎవరూ మంచు అనలేదు, శుభ్రంగా ఐస్ అనేశారు. హిమం అన్నా గట్టెక్కరు, హిమబిందువంటే మంచుబొట్టే కదా!

ఇక ఎండల్లో మంచు సంగతి. ఉంటుంది. మన ఆకాశంలో 5 కిలోమీటర్లు పైకి పోయేసరికి సుమారు సున్నా డిగ్రీలు, 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80కి అటూ ఇటూ. వాతావరణం కింది పొర ధ్రువాల మీద 8, 9 కిలోమీటర్లకే ఆగిపోతే ఉష్ణమండలంలో దానికి రెట్టింపు ఎత్తు పోతుంది, పోయినకొద్దీ చల్లబడుతుంది, అందుకే ఆ పొర కొస ధ్రువాల మీద కన్నా మన మీదే చల్లన. బంగాళాఖాతం తేమగాలి పైకి లేచి ఉరుముల మేఘమైనప్పుడు సున్నా దాటగానే గడ్డకడుతుందనుకుంటాం గానీ, సన్నటి బొట్లు మహా మొండివి. ఊతానికి తగిన దుమ్ము రేణువేదైనా దొరికితే ముందే గడ్డకడతాయి, దొరక్కపోతే దాదాపు మైనస్ 38 దాకా నీళ్ళలాగే ఉండి, అక్కడ ఏ ఊతం లేకుండానే బిగుసుకుంటాయి. ఆ మేఘం తల ఇంకా పైకి పోలేక పక్కలకు పరుచుకుంటుంది, కింద వాన వెలిశాక కూడా ఆ పల్చటి తెర గంటల తరబడి మిగులుతుంది. ఇంకొన్ని అంత ఎత్తునే, గాలి నెమ్మదిగా లేచి చల్లబడి పుడతాయి. వాటిలో కొన్ని కంటికే ఆనవు.

మరి ఏమనాలి? నన్నడిగితే 'మంచుపలుకుల మేఘం'. పుస్తకాల 'స్ఫటికం' తప్పేం కాదు, కానీ జీడిపలుకు, కర్పూరం పలుకు, 'అన్నం పలుకుగా ఉంది' అనేవాళ్ళకి పలుకు అనగానే ఆ గట్టిదనం పంటికి తగులుతుంది. మంచుమబ్బు మాత్రం నాకు నచ్చదు. మబ్బులో ఎంతో కొంత చీకటి ఉంది, వీటిలోంచేమో సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు.

ఈ మేఘానికి మనవాళ్ళు విడిగా పేరు పెట్టలేదేమో గానీ, అది చేసే పనికి పెట్టారు. 'చంద్రుడి చుట్టూ గుడి కట్టింది' అంటామే, ఆ గుడి. వరదగుడి అనీ అంటారు, సంస్కృతంలో పరివేషం. బ్రౌన్ నిఘంటువులోనూ గుడికి ఈ అర్థం ఉంది. 'దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన' అని సామెత. దూరపు గుడి ఆరు పలకల మంచుపలుకుల్లోంచి వెన్నెల వంగి వచ్చినది, ఎప్పుడు చూసినా చంద్రుడికి 22 డిగ్రీల ఎడంలోనే ఉంటుంది. దగ్గర గుడి మామూలుగా నీటిబొట్ల మేఘానిది, చంద్రుణ్ణి అంటిపెట్టుకుని ఉంటుంది. వానకు నేను పూచీ పడను గానీ, ఆ రెండూ ఒకటి కావని కనిపెట్టినవాళ్ళ కళ్ళకు దణ్ణం పెట్టాలి.

గుడి కట్టిన రాత్రి మీ పిల్లాణ్ణి చెయ్యి పూర్తిగా చాచి జాన పట్టమనండి. బొటనవేలు చంద్రుడి మీద ఉంచితే, దూరపు గుడి దాదాపు చిటికెన వేలి కొసకు వస్తుంది. సూర్యుడి గుడికి మాత్రం ఈ కొలత వద్దని గట్టిగా చెప్పండి, కళ్ళు పోతాయి.