ఏడిస్తేనే ప్రేమా?

ప్రశ్న: నాలుగేళ్లుగా ప్రేమలో ఉన్నాం. పెళ్లి సంగతి ఇంట్లో చెప్పమంటే వాయిదా వేస్తాడు. నేను ఏడిస్తే "ప్రేమంటే బాధ ఉంటుంది" అంటాడు. ఎప్పుడూ ఇంతేనా మేడమ్?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కాదమ్మా. ప్రాకృతంలోని పాత ప్రేమ పద్యాల సంకలనం గాథాసప్తశతి నిండా విరహమే. కానీ మాట తప్పిన ప్రియుణ్ని అందులోని ఆడవాళ్లు గట్టిగానే నిలదీస్తారు. బాధ ఉంది, దానికి పూజ లేదు. మన దగ్గర 1920ల నాటి భావకవులు అందని ప్రేయసి కోసం కన్నీరు పెట్టారు. 1953లో 'దేవదాసు' వచ్చాక తాగి పాడైనవాడే గొప్ప ప్రేమికుడయ్యాడు. పార్వతి బతుకేమిటని ఎంతమంది అడిగారు? నాకు ఇప్పటికీ కోపమే.

కోఠీ మహిళా విశ్వవిద్యాలయం (ఒకప్పటి మహిళా కళాశాల) ఆవరణలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ చూసే ఉంటారు. దాన్ని కట్టించిన బ్రిటిష్ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్‌లోని పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడాడు. పై అధికారులు విచారణ పెట్టినా ఆమెను వదల్లేదు. 1805లో పిల్లల్ని ఇంగ్లండ్ పంపారు, అదే ఏడాది ఆయన కలకత్తాలో పోయాడు. పిల్లల్ని మళ్లీ చూడకుండానే ఆమె 1813లో కన్నుమూసింది. అది కాలం పెట్టిన బాధ. మీది అతను పెడుతున్న బాధ. రెండూ ఒకటి కావు.

ఇంట్లో ఎప్పుడు చెబుతాడో తేదీ అడగండి. ఆ తేదీ దాటితే, ఇక అతని కోసం ఆగకండి.