పిచ్ అంటే క్రికెట్‌దేనా? వేరే రంగాల్లో దాని అర్థం ఏమిటి?

పాలిటెక్నిక్‌లో చేరిన మీ అబ్బాయిని వర్క్‌షాప్ సార్ ‘పిచ్ ఎంత?’ అని అడిగితే ‘22 గజాలు’ అన్నాడని రాశారు. వాడు చెప్పింది తప్పేం కాదు, చెప్పిన చోటు మాత్రం తప్పు. హైదరాబాద్ బాలానగర్‌లో చాలాకాలం లేత్ (ఇనుముని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద బతికినవాణ్ణి కాబట్టి ముందు నా వైపు సంగతి చెబుతాను.

మాకు పిచ్ అంటే బోల్టు మీద ఒక థ్రెడ్డు (మర) కొస నుంచి పక్క థ్రెడ్డు కొసకి ఉన్న దూరం. ఎం 10 బోల్టుకి, అంటే 10 మిల్లీమీటర్ల లావు బోల్టుకి, మామూలుగా 1.5 మిల్లీమీటర్లు, ఎం 12కి 1.75. దాన్ని కొలవడానికి పిచ్ గేజ్ ఉంటుంది. చాకులా మడత విప్పితే సన్నటి రేకులు, ఒక్కో రేకు అంచున ఒక్కో సైజు పళ్లు. రేకుని థ్రెడ్డులో కూర్చోబెట్టి లైటు వైపు ఎత్తి చూడాలి. సందుల్లోంచి వెలుతురు కనబడితే అది కాదని అర్థం, ఇంకో రేకు తీయాలి.

ఈ పనికి బద్ధకించేవాళ్లతోనే మాకు టెన్షన్. పాత మోటార్లకి అరంగుళం బోల్టులు వచ్చేవి, అంగుళానికి 12 థ్రెడ్లు. పైకి చూస్తే ఎం 12 లాగే ఉంటాయి. ఆ అరంగుళం నట్టుని ఎం 12 బోల్టుకి ఎక్కిస్తే లూజుగా ఎక్కి, ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. తుప్పేమో అనుకుని పానా వేసి బలంగా తిప్పారా, రెండింటి థ్రెడ్లూ పోయినట్టే.

ఈ అర్థం ఒకసారి పట్టుబడితే ఇంకొన్ని వాటంతట అవే తెలుస్తాయి. బైకు చైన్ మీద 428 అని ఉంటే అందులో 4 పిచ్‌ని చెబుతుంది. అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అంటే అరంగుళం, పిన్ను నుంచి పిన్నుకి. ఫంక్షన్ హాళ్లలో ఎల్‌ఈడీ తెర పెట్టేవాళ్లు ‘పీ త్రీ వెయ్యమంటారా?’ అంటారు. చుక్కకీ చుక్కకీ మధ్య 3 మిల్లీమీటర్లన్నమాట. ఆ ‘పీ’ పిచ్ అని వాళ్లలో చాలామందికి తెలియదు, తెలియకపోయినా పని ఆగదనుకోండి. విమానంలో సీట్ పిచ్ కూడా ఇలాంటిదే, ముందు సీటు మీద ఒక చోటు నుంచి మన సీటు మీద అదే చోటుకి దూరం. కానీ పైలట్ పిచ్ అంటే విమానం ముక్కు పైకీ కిందకీ కదలడం.

సంగీతంలో పిచ్ అంటే శ్రుతి, స్థాయి. కంపనాలు సెకనుకి ఎన్ని అన్నది లెక్క. ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న ‘ఎ’ స్వరానికి 440. ఇక్కడ నాకు నచ్చే తమాషా ఒకటుంది. థ్రెడ్లు దగ్గరయ్యే కొద్దీ బోల్టు పిచ్ తగ్గుతుంది, కంపనాలు దగ్గరయ్యే కొద్దీ పాట పిచ్ పెరుగుతుంది.

క్రికెట్‌ది వేరే దారి. ఇంగ్లీషులో పిచ్ చేయడమంటే నేలలో పాతడం అని కూడా, డేరా పాతినట్టు. స్టంపులు పాతిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చింది. స్టార్టప్ కుర్రాళ్ల పిచ్ అంటే మన ఐడియాకి డబ్బు పెట్టమని ఒప్పించే మాటలు.

తారు లాంటి నల్లటి పిచ్ ఒకటుంది, దాని పుట్టుకే వేరు, పలకడం ఒకటే. సుత్తితో కొడితే పగులుతుంది, వదిలేస్తే కారుతుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీవాళ్లు 1927లో దాన్ని గరాటులో పోసి పెడితే, 2014 నాటికి పడినవి 9 చుక్కలు.

మీవాడికి వైవాలో పిచ్‌కీ లీడ్‌కీ తేడా అడగడం దాదాపు ఖాయం. నట్టు ఒక చుట్టుకి ముందుకెళ్లే దూరం లీడ్. ఒకే థ్రెడ్డు చుట్టిన సింగిల్ స్టార్ట్‌కి రెండూ ఒకటే, పక్కపక్కనే రెండు థ్రెడ్లు చుట్టిన డబుల్ స్టార్ట్ అయితే లీడ్ పిచ్‌కి రెట్టింపు. బోల్టు చివర చూడమనండి, థ్రెడ్డు మొదలయ్యే చోట్లు రెండు కనబడితే డబుల్ స్టార్టే.