కన్నీళ్లతోనే ప్రార్థన చేయండి, డయాలసిస్ మాత్రం మానవద్దు

చెల్లెమ్మా,

గుత్తి దగ్గరి పల్లె నుంచి మీరు రాసిన ఆరు పేజీల ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన మూత్రపిండాలు పాడై పద్నాలుగు నెలలైంది. సోమ, బుధ, శుక్రవారాల్లో తెల్లవారుజామునే డయాలసిస్‌కు అనంతపురం బస్సు ఎక్కుతున్నారు. గేదెలు రెండూ అమ్ముకున్నారు. ఇంటర్ చదివే కూతురే వంట చేస్తోంది. ఇవన్నీ రాశాక చివరి పేజీలో అసలు బాధ బయటపెట్టారు. ఇంట్లో దాచిన పాపమేదో ఉందని, అందుకే ప్రార్థనకు జవాబు రావడం లేదని సంఘంలో కొందరు అంటున్నారు. డయాలసిస్ సూదులు మానేసి కర్నూలులో జరిగే మూడు రోజుల స్వస్థత కూటానికి విశ్వాసంతో రమ్మంటున్నారు. వెళ్లాలా అని అడిగారు.

డయాలసిస్ ఒక్కసారి కూడా మానవద్దు. అది ఆగితే ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తులను ముంచుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కూటానికి వెళ్లాలనిపిస్తే సూదులు లేని రోజున వెళ్లి రండి. మందు మానితేనే విశ్వాసం అన్న మాట మన పెద్దలు ఎరగనిది. ఈ సీమకు సువార్త తెచ్చిన లండన్ మిషన్ వారే జమ్మలమడుగులో ఆసుపత్రీ నడిపారు, కాంప్‌బెల్ ఆసుపత్రి అంటే అక్కడ అందరికీ తెలుసు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే కదా.

ఇక పాపం సంగతి. ఈ మాట ఎవరి నోట విన్నా నాకు కోపం వస్తుంది. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు యేసును ఇదే అడిగారు: పాపం వీడిదా, వీణ్ని కన్నవారిదా? ఇద్దరిదీ కాదన్నాడాయన. యోబు స్నేహితులను చూడండి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు మంచి స్నేహితులే. కారణాలు వెతకడం మొదలుపెట్టాకే చెడిపోయారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్లమీదే. తనను నిలదీసి అడిగిన యోబు మాత్రం సరిగా మాట్లాడాడన్నాడు. పౌలు మూడుసార్లు వేడుకున్నా అతని శరీరంలోని ముల్లు పోలేదు. పౌలుకు విశ్వాసం చాలలేదని మీ సంఘంలో ఆ మాటలు అనేవాళ్లు అనగలరా?

మోకరిస్తే మాటలు రావడం లేదు, ఏడుపొక్కటే వస్తోంది అని రాశారు. 88వ కీర్తన తీయండి. ఏడుపు కీర్తనలు చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకట్లోనే ముగుస్తుంది. అయినా మన పూర్వులు దాన్ని బైబిలులో ఉంచారు, ఆరాధనలో పాడారు. మీకు మాటలు రాని రోజున ఆ మాటలు అరువు తెచ్చుకోండి. లాజరును లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. మీ ఏడుపు ఆయనకు కొత్తగా ఉండదు.

మీ ఆయన తప్పకుండా బాగవుతాడని నేను మాట ఇవ్వలేను, ఆ హామీ నా దగ్గర లేదు. నేను నమ్మేది ఇది: నన్నెందుకు చెయ్యి విడిచావని సిలువమీద కేకవేసినవాడు డయాలసిస్ జరిగే ఆ నాలుగు గంటలూ మీ ఆయన మంచం దగ్గర ఉంటాడు. మరణం తర్వాత కూడా మనల్ని వదలడు. నా కృప నీకు చాలును అన్న మాట నొప్పి తీరినవారికి చెప్పింది కాదు, తీరని పౌలుకు చెప్పింది.

"రాత్రి పడుకుంటే తెల్లవారకపోతే బాగుండు" అన్నారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఏలీయా కూడా చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత అతన్ని మందలించలేదు. రొట్టె, నీళ్లు పెట్టి, నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. మీరేమో శుక్రవారం తెల్లవారుజామున బస్సెక్కే రోజే ఉపవాసం ఉంటున్నారు. దయచేసి ఆపండి. వేళకు అన్నం తినండి. ఆ ఆలోచన మళ్లీ వస్తే మీలోనే దాచుకోవద్దు, కూతురిమీద ఆ బరువు పెట్టవద్దు. 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, మనసు బాధలో ఉన్నవారి కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ, ఉచితం, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. మీ అక్కగారికి కూడా ఈ రోజే చెప్పండి.

డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోందో లేదో రాయలేదు. రాకపోతే ఆసుపత్రి కాగితాలు తీసుకుని గ్రామ సచివాలయంలో అడగండి.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారితో విడిగా మాట్లాడండి. నిందలు వేస్తున్నవారి సంగతి ఆయనకు తెలియాలి. ప్రార్థనతో పాటు ఒక సాయం కూడా అడగండి: వారానికి ఒక రోజు, సోమవారం, సంఘంలో ఒక మగమనిషి మీ ఆయన వెంట అనంతపురం వెళ్లిరావాలి. ఆ రోజు మీరు మీ అమ్మాయితో కూర్చుని అన్నం తినండి. ఎవరు వెళ్లారో నాకు రాయండి.